మంచము ప్రక్క నిలిచిన భర్త



మీ గ్రామములో ఎవరికైనను క్యాన్సరు వ్యాధి వచ్చి, పట్నములో "కరెంటు పెట్టించుకొని" యింటికి తిరిగి వచ్చినప్పుడు ఏమి జరుగునో మీరెరుగుదురు. మొదటి ఆదివారమున సంఘమంతయు ఆ కుటుంబము కొరకు ప్రార్థన చేయును. పాదిరిగారు వచ్చి వాక్యము చదివి, తలమీద చేయి వేసి దీవించి పోవుదురు. బంధువులు కొబ్బరి బొండములును బత్తాయిలును తెత్తురు. రెండవ వారము వచ్చువారు తగ్గుదురు. నాలుగవ వారము నాటికి ఆ యింట మిగులునది ఇద్దరే: మంచము మీద నొకరు, మంచము ప్రక్క నొకరు. ఆ ప్రక్కనున్న వారిని గూర్చి ఈ మాసము వ్రాయదలచితిని.

భర్తకు జబ్బు చేసినప్పుడు భార్య సేవ చేయుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. ఆమె చేయును, దానిని ఎవరును గొప్పగా చెప్పరు. భార్యకు జబ్బు చేసినప్పుడే మన మగవారి సంగతి బయటపడును. "కొంచెము తేరుకొను వరకు పుట్టింట నుండనిమ్ము" అని పెట్టె సర్ది పంపివేయు వాడుక మనలో కలదు. పంపినవాడు దుర్మార్గుడు కానక్కరలేదు. వానికి భయము; ఏమి చేయవలెనో తెలియదు; అన్నము వండుట యైనను రాదు. అందువలననే ఒక భర్త చరిత్రను మీ ముందు పెట్టుచున్నాను. ఆయనకును మొదట ఏమియు తెలియదు.

ఆయన పేరు సి. ఎస్. లూయిస్. 1898లో ఐర్లాండులోని బెల్ఫాస్టు పట్టణమున జన్మించెను. ఆయనకు 9 ఏండ్లు ఉండగా, 1908లో, తల్లి క్యాన్సరుతో మరణించెను. తల్లి బ్రతుకవలెనని ఆ బాలుడు ప్రార్థించెను గాని ఆమె బ్రతుకలేదు. తరువాత ఆయన దేవుడు లేడని చెప్పు వారిలో చేరెను. 1929లో తండ్రియు అదే జాతి వ్యాధితో పోయెను. 1931లో మాత్రమే ఆయన క్రీస్తునందు విశ్వాసముంచి, ఆ పిమ్మట విశ్వాసమును గూర్చి సామాన్యులకు అర్థమగునట్లు అనేక గ్రంథములు వ్రాసెను. ఆక్స్‌ఫర్డులో బోధకుడుగాను, తరువాత కేంబ్రిడ్జిలో ఆచార్యుడుగాను పని చేసెను. 57 ఏండ్ల వయస్సు వచ్చువరకు పెండ్లి లేదు. అన్నగారితో కలిసి, ఆక్స్‌ఫర్డు వెలుపల హెడింగ్టన్ క్వారీలో, పుస్తకములతో నిండిన పాత యింట కాపురము. అట్టివానికి రోగిని లేవదీయుట, ప్రక్కబట్టలు మార్చుట ఏమి తెలియును?

జాయ్ డేవిడ్‌మన్ అనునామె న్యూయార్కు నగరమున 1915లో యూదుల యింట పుట్టెను. కవయిత్రి, యౌవనములో కమ్యూనిస్టు, తరువాత క్రైస్తవురాలు. పది ఆజ్ఞలను గూర్చి ఆమె వ్రాసిన పుస్తకము 1954లో వెలువడెను. మొదటి వివాహము చెడిపోగా, ఇద్దరు మగపిల్లలతో ఇంగ్లండు వచ్చి చేరెను. ఆ దేశములో నివసించుటకు ఆమెకు అనుమతి నిలుచునట్లు లూయిస్ 1956 ఏప్రిల్ 23న రిజిస్ట్రారు కచేరీలో ఆమెను వివాహమాడెను. కాగితము మీది వివాహమే; ఎవరి యింట వారే యుండిరి.

ఆ సంవత్సరము అక్టోబరులో ఆమె తన యింట నడచుచు తూలి పడెను. ఎడమ తొడ యెముక విరిగెను. అంతకు ముందునుండి కాలిలో నొప్పి యుండినను వాతపు నొప్పి యనుకొనిరి. ఎక్స్‌రే తీసి చూడగా ఎముకను క్యాన్సరు తినివేసినది. అది రొమ్మునుండి వచ్చినది. పిల్లలలో పెద్దవానికి 12 ఏండ్లు, చిన్నవానికి 11 ఇంకను నిండలేదు. శస్త్రచికిత్సలు జరిగెను. గర్భసంచి ప్రక్కనుండు అండాశయములను కూడ తీసివేసిరి. కొన్ని రొమ్ము క్యాన్సరులకు స్త్రీ దేహములోని రసములే పోషణ గనుక వైద్యులు ఆ దారిని మూయుదురు. దానితోపాటు కిరణ చికిత్స, అనగా మనవారు చెప్పు కరెంటు, ఇచ్చిరి.

ఈ కిరణముల చరిత్రను కొంచెము చెప్పి మరల కథకు వత్తును. 1895 నవంబరులో జర్మనీ దేశమున రాంట్‌జెన్ అను శాస్త్రజ్ఞుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరు 22న తన భార్య చేతినే వాటి యెదుట ఉంచి ఛాయ తీయగా, ఆమె వ్రేళ్ల యెముకలును ఉంగరమును కనబడెను. 1898లో పియేర్ క్యూరీ, మేరీ క్యూరీ అను దంపతులు రేడియమును కనుగొనిరి. చూచితిరా, ఈ వైద్యము పుట్టుకలోనే భార్యాభర్త లున్నారు. కోబాల్టు అను లోహపు కిరణములతో చికిత్స 1951లో కెనడాలో ఆరంభమాయెను. మన దేశములో బొంబాయిలోని టాటా ఆస్పత్రి 1941లో తెరువబడెను. తన చెల్లెలు క్యాన్సరుతో మరణించుట చూచిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి పూనికతో మద్రాసు అడయారులో క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు 1954లో వచ్చెను. హైదరాబాదులోని ఆస్పత్రి 1955 నాటిది. మన జిల్లాలనుండి ఎందరో రోగులు రైలెక్కి ఈ చోట్లకే పోయిరి.

కిరణములు చేయు పని యేమి? క్యాన్సరు కణము హద్దు లేక పెరుగునది. కిరణము దాని లోపలి సూత్రమును తెంపివేయును. అది ఇక పిల్లలు పెట్టలేక చచ్చును. ప్రక్కనున్న మంచి కణములకును దెబ్బ తగులును గాని అవి చాలవరకు మరల బాగుపడగలవు. అందువలననే మొత్తము మోతాదును ఒక్క దినమున ఇయ్యక, తరచుగా వారమునకు 5 దినముల చొప్పున కొన్ని వారములు కొద్దికొద్దిగా ఇత్తురు. ఇంకొక సంగతి మరువకుడి: చికిత్స చివరి దినముతో బాధ ముగియదు. అలసటయు చర్మపు మంటయు చివరి దినముల తరువాత కూడ కొంతకాలము హెచ్చుగా నుండి, పిమ్మట మెల్లగా దిగును. "కరెంటు అయిపోయినది గదా, ఇంకను పడుకొని యున్నదేమి?" అని అత్తగారు అడుగు దినములు సరిగా అవియే.

కథకు వత్తును. 1957 మార్చి నాటికి జాయ్ బ్రతుకదని తేలెను. లూయిస్ అప్పటికి తన మనస్సు తానెరిగెను. దేవుని యెదుట ఆమెను భార్యగా చేసికొనవలెనని కోరెను. ఆమె విడాకులు పొందినది గనుక బిషప్పుగారు అనుమతి ఇయ్యలేదు. ఈ విషయమున మీలోను వేర్వేరు తలంపు లుండవచ్చును. దానిని తీర్చుట నా పని కాదు. పీటర్ బైడ్ అను పాదిరి, లూయిస్‌కు పూర్వ శిష్యుడు, రోగి మీద చేతులుంచి ప్రార్థించుటకు పిలువబడి వచ్చెను. పోలియోతో చావుబ్రతుకుల మధ్యనున్న ఒక బాలుని కొరకు ఆయన ప్రార్థింపగా వాడు కోలుకొనెనని లూయిస్ వినియుండెను. ఆయన ప్రార్థించెను, తానే ఆలోచించుకొని వివాహమును కూడ జరిపించెను. మార్చి 21న, చర్చిల్ ఆస్పత్రిలో, మంచము మీదనున్న పెండ్లికూతురితో. సాక్షులు లూయిస్ అన్నగారు, ఆస్పత్రి సిస్టరు. పందిరి లేదు, విందు లేదు.

ఏప్రిల్ నెలలో ఆమెను లూయిస్ యింటికి తెచ్చిరి. బాగుపరచుటకు కాదు, ఆస్పత్రిలో చేయవలసినది మిగులలేదు గనుక తెచ్చిరి. మంచములో ఆమెను కదల్చుటకు ముగ్గురు కావలసి వచ్చెనని లూయిస్ తరువాత వ్రాసెను. నలుగురు మోసికొని వచ్చిన పక్షవాయు రోగిని గూర్చి మనము తరచు ప్రసంగములు వినుచున్నాము. ఆ నలుగురి భుజములు ఎంత నొచ్చినవో ఎవరైనను చెప్పిరా? ఇక్కడను రేయింబవళ్లు నర్సులుండిరి, అన్నగారుండెను, వంటయు తోటయు చూచువారుండిరి. భర్త వారములో కొన్ని దినములు కేంబ్రిడ్జి పోయి పాఠములు చెప్పి, మిగిలిన దినములు ఇంటికి వచ్చి సేవ చేసెను. ఆమెకు చదివి వినిపించెను, ఆమెతో మాటల గారడి ఆడెను, ఆమెతో వాదించెను. ఆమె రోగి యని ఆమె బుద్ధిని తక్కువ చేయలేదు. ఆ మరుసటి సంవత్సరము వెలువడిన కీర్తనల మీది ఆయన గ్రంథము ఈ దినములలోనే వ్రాయబడినది. ఆ యింట నవ్వు చాలనే యుండెనని ఆయన లేఖలు చూపుచున్నవి. చావు గదిలో నవ్వుట తప్పని మనలో కొందరి తలంపు. ఆ తలంపు ఎక్కడినుండి వచ్చెనో నాకు తెలియదు, సువార్తలనుండి మాత్రము కాదు.

అప్పుడొక సంగతి జరిగెను. చావవలసిన ఆమె చావలేదు. నెలలు గడచిన కొలది ఎక్స్‌రేలలో ఎముక మరల కట్టుకొనుట కనబడెను. ఆ సంవత్సరము ముగియులోగా ఆమె చేతికఱ్ఱతో నడువసాగెను. ఒక కాలు పొట్టియై కుంటుతనము మిగిలినను నడచెను. ఇదే కాలమున లూయిస్‌కే ఎముకలు గుల్లబారు వ్యాధి వచ్చెను. నడుముకు పట్టీ కట్టుకొని తిరుగవలసి వచ్చెను, బరువు ఎత్తరాదు. ఆమె ఎముకకు సున్నము చేరుచుండగా తన యెముకనుండి సున్నము పోవుచున్నదని ఆయన చెప్పుకొనెను. ఆమె నొప్పిలో పాలు తనకిమ్మని అడిగినది దొరకెనని కూడ ఆయనకు తోచెను. వైద్యము అట్లు పని చేయదని నేననుకొందును. అయినను రోగికి సేవ చేయువారి దేహము అరుగును. ఇది మాత్రము ప్రతి పల్లెలోను చూచుచున్నాము. రాత్రులు మేల్కొని, చల్లన్నము తిని, తన బి.పి. మాత్ర మరచిన భర్తను, భార్యను ఎవరు అడుగుచున్నారు?

ప్రార్థన వలన బాగుపడెనా, కరెంటు వలన బాగుపడెనా అని మీరడుగుదురు. లూయిస్‌ను కూడ అడిగిరి. 1959 జనవరిలో అమెరికా పత్రిక యొకదానిలో ప్రార్థన యొక్క ఫలమును గూర్చి ఆయన వ్యాసము వ్రాసి, భార్య పేరు చెప్పకయే ఈ సంగతిని అందులో చెప్పెను. అయితే దీనిని రుజువుగా నిలువబెట్టుటకు ఆయన ఒప్పుకొనలేదు. గెత్సేమనే తోటలో ప్రభువే గిన్నె తొలగవలెనని వేడుకొనెను, అది తొలగలేదు అని గుర్తు చేసెను. 9 ఏండ్ల వయస్సులో తల్లి కొరకు చేసిన ప్రార్థన ఆయన మరచువాడు కాడు. అండాశయములు తీయుట చేతను, కిరణముల చేతను ఎముకలు మరల కట్టుకొనుట వైద్యులెరిగిన సంగతియే. నా మట్టుకు నేను, కిరణమును చేసినవాడొకడు, ప్రార్థన వినువాడు మరియొకడు అని విడదీయలేను. ప్రార్థించుచున్నాము గదా యని కరెంటు మధ్యలో మానిపించి యింటికి తీసికొని వచ్చువారిని చూచితిని గనుక ఈ మాట వ్రాయుచున్నాను. మధ్యలో మానిన చికిత్స ఫలము చెడును.

ఇక మీ యింటి సంగతి. శరీరము బయటనుండి యంత్రముతో కిరణము లిచ్చిన రోగి దేహములో ఏ కిరణమును మిగిలి యుండదు. ఆమెను తాకవచ్చును, ఆమె కంచములో తినవచ్చును, పసిపిల్లలను ఆమె ఒడిలో కూర్చుండబెట్టవచ్చును. క్యాన్సరు అంటు వ్యాధి కాదు. ఆమె మంచమును వేరుగా వసారాలో వేయుట ఏ డాక్టరుగారును చెప్పనిది. మందు త్రాగించియో, లోపల అమర్చియో చేయు పద్ధతులలో కొన్ని జాగ్రత్త లుండవచ్చును. అవి ఆస్పత్రివారే చెప్పుదురు, విని చేయుడి. కిరణము పడిన చోట చర్మము నల్లబడి, ఎండ తగిలినట్లు కమిలి, పొట్టు లేచును. దానిమీద ఆకుపసరు, పసుపు, వేపనూనె, అమృతాంజనము, పౌడరు వేయకుడి. గోరువెచ్చని నీటితో మెల్లగా కడిగి, రుద్దక అద్ది, మెత్తని నూలుబట్ట వదులుగా తొడుగుడి. ఆస్పత్రివారిచ్చిన లేపనము తప్ప వేరు వలదు. గొంతుకో నోటికో కరెంటు పెట్టియుండిన యెడల నోరు పూసి, ఉమ్మి ఎండి, గొడ్డుకారము నిప్పువలె తగులును. అప్పుడు గంజి, పెరుగన్నము, మెత్తగా ఉడికిన పప్పు, చల్లారిన పాలు కొద్దికొద్దిగా మాటిమాటికి పెట్టుడి. పొత్తికడుపునకైన యెడల విరేచనములు కావచ్చును. ఆ బట్టలు ఉదుకుటకు సిగ్గుపడు భర్త యుండిన, లూయిస్ కేంబ్రిడ్జి ఆచార్యుడని జ్ఞాపకము చేసికొనవలెను. ఎముకలో వ్యాధి యున్నవారు పడరాదు. ఇంటినుండి దొడ్డికి పోవు దారిలో రాయి, తడి, పాకుడు లేకుండ చూచుట మగవాడు ఒక పూటలో చేయగల పని. జ్వరము వచ్చినను, నీరు మ్రింగలేకపోయినను, ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడినను, మూత్రము బిగిసినను, తెల్లవారనిమ్మని ఆగక తీసికొని పొండు.

ఇంకొకటి చెప్పుటకు కొంచెము వెనుదీయుచున్నాను గాని చెప్పవలెను. జుట్టు పోయిన, రొమ్ము పోయిన, మచ్చపడిన భార్య తన్ను తాను దాచుకొనును. ఆమె తనంతట అడుగదు. ఆమెవైపు చూచి మాటలాడుడి.

1958 జూలైలో లూయిస్ దంపతులు ఐర్లాండు పోయిరి. ఓడ కుదుపులో ఆమె పడిన ఎముక విరుగునేమో యని విమానమెక్కిరి. లూయిస్‌కు అది మొదటి విమాన ప్రయాణము. ఇంటి వద్ద ఆమె పాత కప్పు బాగు చేయించెను, గోడలకు రంగు వేయించెను. పుస్తకముల బీరువాలు కదల్చిన గోడలు కూలునేమో యని అన్నదమ్ములు ఏండ్ల తరబడి భయపడిన ఇల్లు అది! రోగి యని ఆమెను కూర్చుండబెట్టక, ఆమె చేయగల పనిని ఆమెను చేయనిచ్చిరి. కోలుకొనుటలో ఇదియు మందే యని నా తలంపు.

1959 అక్టోబరులో మామూలుగా చూపించుకొనుటకు పోగా, ఎక్స్‌రేలో వ్యాధి మరల అనేక యెముకలలో కనబడెను. ఈ దినమును ఎరిగిన చదువరులు మీలో ఉన్నారు. అప్పటికే గ్రీసు దేశము చూడవలెనని వారిద్దరును స్నేహితులతో కలిసి ఏర్పాటు చేసికొనిరి. మానుకొందమా? ఆమె మానుకొన నొల్లలేదు, భర్త అడ్డుపడలేదు. 1960 ఏప్రిల్‌లో పోయిరి. నొప్పితో, కఱ్ఱతో, ఏథెన్సు కొండమీది పాత దేవాలయము వరకు ఆమె ఎక్కెను. ఒక దినము కొరింథు అఖాతపు ఒడ్డున, పూటకూళ్ల యింట వేయించిన చేపలు తిని, సాయంకాలము వరకు నీళ్ల ప్రక్కన కూర్చుండిరి. కొరింథులోనే గదా అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు డేరాలు కుట్టుచు పౌలును తమ యింట ఉంచుకొనినది.

తిరిగి వచ్చిన తరువాత మే నెలలో మరియొక శస్త్రచికిత్స జరిగెను. జూలై 13న ఆమె ఆక్స్‌ఫర్డు ఆస్పత్రిలో కన్నుమూసెను; వయస్సు 45. కొన్ని వారములే యనిన వారి మాట మీద మూడు సంవత్సరములకు పైగా బ్రతికెను. చివరి దినములలో భార్యాభర్తలు తొందర లేక, నెమ్మదిగా, చాలసేపు మాటలాడుకొనిరి. ఆమెను పెండ్లి చేసి దీవించిన బైడ్ పాదిరి భార్యకును ఇదే వ్యాధి వచ్చెను; ఒకరి కొరకు ఒకరు ప్రార్థించుకొనిరి.

ఆ దుఃఖములో లూయిస్ నోటు పుస్తకములలో తన హృదయమును వ్రాసికొనెను. దేవునిమీద కోపమును దాచలేదు, తలుపు వేసికొనిన దేవునివలె తోచెనని వ్రాయుటకు భయపడలేదు. వ్రాయగా వ్రాయగా ఆ కోపము మెల్లగా మారెను. 1961లో దానిని ఎన్. డబ్ల్యు. క్లార్క్ అను మారుపేరుతో అచ్చు వేయించెను. అది ఆయన వ్రాసినదే యని ఎరుగని కొందరు స్నేహితులు, నీకు ఓదార్పు కలుగును, చదువుమని ఆ పుస్తకమునే ఆయనకు చెప్పి పంపిరి. ఆయన 1963 నవంబరు 22న మరణించిన తరువాతనే అది ఆయన స్వంత పేరున వెలువడెను.